వీడియో వస్తే చదువు వచ్చినట్టేనా? ఆన్‌లైన్ డిగ్రీలో సారు అందడం కూడా మన హక్కే

తిరుపతి జిల్లా సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల దళితవాడల నుంచి శ్రీసిటీ కంపెనీ బస్సులెక్కే ఆడపిల్లలున్నారు. కుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి, రాత్రికి తిరిగి ఇల్లు చేరే యువకులున్నారు. తిరుపతి హోటళ్లలో, లాడ్జీల్లో పనిచేస్తూ ఇంటర్‌తో చదువు ఆపేసినవాళ్లున్నారు. పెళ్లయి, పిల్లలు పుట్టాక మళ్లీ చదవాలనుకునే తల్లులున్నారు. వీళ్లందరి ఫోన్లకూ ఇప్పుడు ఒకే రకం ప్రకటన వస్తోంది. ఇంట్లో కూర్చునే డిగ్రీ చేయండి, ఉద్యోగం మానాల్సిన పని లేదు, ఫీజు వాయిదాల్లో కట్టండి అని.

ఆ అవకాశం చిన్నదేమీ కాదు. కాలేజీకి పోలేని మనిషి దగ్గరికి కాలేజీయే వస్తానంటే కాదనడం ఎందుకు? అయితే మా వాడల్లో ఆన్‌లైన్ కోర్సుల మాట వచ్చినప్పుడల్లా మేము వినే ప్రశ్న ఒకటుంది. "వీడియో చూస్తే సరిపోతాదా? డౌటు వస్తే ఎవురిని అడిగేది?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న చుట్టూనే. ఆన్‌లైన్ కోర్సు అంటే ఏమిటి, దాన్ని మన పిల్లలకు అందేలా ఎలా తయారు చేయాలి, నియమాలు ఏం చెబుతున్నాయి, అందులో అధ్యాపకుడి పాత్ర ఎంత ఉండాలి, చేరేముందు మనం ఏం అడగాలి అన్నవి వివరించే ప్రయత్నం ఇది. విద్యార్థులకు, తల్లిదండ్రులకే కాదు, కోర్సులు తయారుచేసే అధ్యాపకులకూ ఇది పనికొస్తుందని మా ఆశ.

దూరవిద్య మనకు కొత్త కాదు

తిరుపతిని చదువుల ఊరు అంటారు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది. శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో వచ్చాయి. 2015లో ఐఐటీ, ఐసర్ కూడా తిరుపతికి వచ్చాయి. చిత్తూరు, తిరుపతి రెండూ ఎస్సీలకు రిజర్వు చేసిన లోక్‌సభ స్థానాలే. ఇన్ని విశ్వవిద్యాలయాలు చుట్టూ ఉన్నా పొద్దున కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇంటికి ఆ గేట్లు దూరమే. ఆ దూరాన్ని కిలోమీటర్లలో కొలవలేం. పని గంటలు, బస్సు చార్జీ, హాస్టల్ సీటు, ఇంటి బాధ్యత, అన్నీ కలిస్తేనే ఆ దూరం.

ఈ సంగతిని బాబాసాహెబ్ అంబేడ్కర్ ముందే గుర్తించారు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచారు. ఉద్యోగాలు చేసుకునే పిల్లలు కూడా చదువుకునేలా పొద్దున్నే తరగతులు నడిపించారు. విద్యార్థి బతుకును బట్టి కాలేజీ వేళలు మారాలన్నది అక్కడి పద్ధతి.

తెలుగు నేల మీద ఆ ఆలోచనకు పెద్ద రూపం 1982 ఆగస్టు 26న వచ్చింది. ఆ రోజు ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఆచార్య జి.రామ్‌రెడ్డి దాని తొలి ఉపకులపతి. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ పేరు పెట్టారు. ఇంటర్ పాస్ కానివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి అది తెరిచింది. మధ్యలో బడి మానేసిన ఎందరో దళితులు, మహిళలు, చిరుద్యోగులు ఆ దారిలోనే పట్టభద్రులయ్యారు.

ఆ పాత దూరవిద్యలో ఇంటికొచ్చే పుస్తకాలు ఒక భాగం. సెలవు రోజుల్లో దగ్గరి కాలేజీలోని స్టడీ సెంటర్లో జరిగే కాంటాక్టు క్లాసులు రెండో భాగం. పుస్తకం ఇంట్లో అర్థం కాకపోతే క్లాసుకు పోయి అడగొచ్చు. అక్కడ సారు ముఖం కనబడుతుంది, తోటివాళ్లు పరిచయమవుతారు. ఈ రెండో భాగాన్ని తీసేసి మొదటిదాన్ని మాత్రమే వీడియోగా మార్చి ఆన్‌లైన్ డిగ్రీ అంటే, మనం ముందుకు పోయినట్టా, వెనక్కి పోయినట్టా?

సారుతో మాట ఎందుకు కులం ప్రశ్న అవుతుంది

అంబేడ్కర్ తన చిన్ననాటి బడి గురించి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. విడిగా గోనెపట్ట మీద కూర్చోవాలి. దాహమేస్తే తానుగా కుళాయి తిప్పకూడదు, వేరేవాళ్లు తిప్పాలి. ఆయన బడిలో ఉన్నారు, పాఠం చెవిన పడుతోంది. పాఠం అందకుండా చేయలేదు, మనుషులు అందకుండా చేశారు. అంటరానితనం అంటే అదే కదా, సంపర్కాన్ని నిరాకరించడం.

ఆ నిరాకరణ పాతకాలంతో పోలేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితిపై విచారణ చేసిన థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. అధ్యాపకుల నుంచి తమకు తగిన తోడ్పాటు అందడం లేదని, తమ పట్ల తేడా చూపుతున్నారని ఆ విద్యార్థులు కమిటీకి చెప్పుకున్నారు. 2012లో యూజీసీ ఉన్నత విద్యాసంస్థల్లో సమానత్వం కోసం నిబంధనలు తెచ్చింది. అవి వచ్చిన నాలుగేళ్లకే, 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేములను మనం పోగొట్టుకున్నాం.

ఆన్‌లైన్‌లో కులం కనబడదు కాబట్టి వివక్ష ఉండదని కొందరు అంటారు. సగం నిజమే. వెనక బెంచీ ఉండదు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న పేచీ ఉండదు. కానీ ఆన్‌లైన్ తరగతిలో పలకరింపు దానంతట అది జరగదు. ధైర్యంగా మైకు ఆన్ చేసేవాడికి, ఇంగ్లిష్‌లో గబగబా టైపు చేసేవాడికి జవాబు దొరుకుతుంది. తరతరాల్లో మొదటిసారి డిగ్రీకి వచ్చిన పిల్ల అడగడానికి జంకి, మౌనంగా జాబితాలో పేరుగా మిగిలిపోతుంది. ఎవరూ ఆమెను తరిమేయరు. ఆమె మానేసిందన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. అందుకే కోర్సు తయారుచేసేటప్పుడే అధ్యాపకుడు విద్యార్థిని తానుగా పలకరించే ఏర్పాటు ఉండాలంటున్నాం. అది అధ్యాపకుడి మంచితనానికి వదిలేసే విషయం కాదు.

నియమాలు ఏం చెబుతున్నాయి

మన దేశంలో దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలకు ఆధారం యూజీసీ 2020 సెప్టెంబరులో తెచ్చిన నిబంధనలు. వాటిలో విద్యార్థులు తెలుసుకోవాల్సినవి ఇవి.

మొదటిది అర్హత. ప్రతి కాలేజీ ఆన్‌లైన్ డిగ్రీ ఇవ్వలేదు. న్యాక్ గుర్తింపులో 4కు కనీసం 3.01 స్కోరు గానీ, జాతీయ ర్యాంకింగుల్లో తగిన స్థానం గానీ ఉన్న సంస్థకే ఆ దారి ఉంటుంది. బయటి ఏజెన్సీకి ఫ్రాంచైజీ ఇచ్చి కోర్సు నడిపించడం నిషేధం. ఇంజినీరింగ్, వైద్యం, న్యాయశాస్త్రం లాంటి చదువులను ఈ పద్ధతిలో ఇవ్వకూడదు.

రెండోది పాఠం ఎలా ఉండాలన్నది. దీనికి నాలుగు భాగాల పద్ధతి పెట్టారు. వీడియో, ఆడియో పాఠం ఒకటి. చదువుకునే పాఠ్య సామగ్రి రెండోది. సందేహాలు అడిగి చర్చించుకునే వేదిక మూడోది. తమను తాము పరీక్షించుకునే ప్రశ్నలు, అసైన్‌మెంట్లు నాలుగోది. వీడియోలు మాత్రమే పెట్టి చేతులు దులుపుకుంటే నియమం ప్రకారం అది కోర్సే కాదు.

మూడోది మార్కులు. సెమిస్టరు మధ్యలో జరిగే మదింపుకు గరిష్ఠంగా 30 శాతం, చివరి పరీక్షకు కనీసం 70 శాతం. నాలుగోది డిగ్రీ విలువ. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి తీసుకున్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది.

మామూలు కాలేజీలో చదివే పిల్లలకూ ఆన్‌లైన్ కోర్సులతో పని పడుతోంది. కేంద్రం 2017 జూలైలో ప్రారంభించిన స్వయం వేదికలో పాఠాలు ఉచితం. ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని 2021 నిబంధనలు అనుమతిస్తున్నాయి. చిత్తూరు పీవీకేఎన్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చదివే విద్యార్థి ఐఐటీ ప్రొఫెసర్ పాఠం వినొచ్చన్న మాట. అయితే వేలమంది వినే ఆ పాఠంలో ఈ విద్యార్థి సందేహం తీర్చేది ఎవరు? అక్కడ స్థానిక అధ్యాపకుడి అవసరం తగ్గదు, పెరుగుతుంది.

ఇక అధ్యాపకుడితో సంపర్కం గురించి మన నియమాలు ఎంత చెప్పాయి? ఆన్‌లైన్ కోర్సుకు 250 మంది బ్యాచ్‌కు ఒక కోర్సు మెంటర్ ఉండాలన్నాయి. లెక్క వేసి చూద్దాం. ఒక్కో విద్యార్థితో రెండు వారాలకు ఒకసారి 10 నిమిషాలు మాట్లాడాలంటే 250 మందికి 2,500 నిమిషాలు కావాలి. అంటే 41 గంటల 40 నిమిషాలు. అసైన్‌మెంట్లు దిద్దే సమయం ఇందులో లేదు. ఒక మనిషితో అయ్యే పని కాదిది. అదే 40 మందికి ఒక మెంటర్ ఉంటే 400 నిమిషాలు, అంటే వారానికి 3 గంటల 20 నిమిషాలు సరిపోతాయి. 250 అన్నది కనీస నియమం. ఆ నియమం దగ్గరే ఆగిపోయే సంస్థ విద్యార్థిని పలకరించే ఉద్దేశంతో లేదని అర్థం చేసుకోవచ్చు.

ఈ విషయంలో అమెరికా అనుభవం చూడదగ్గది. అధ్యాపకుడికీ విద్యార్థికీ మధ్య క్రమం తప్పని, అసలైన సంపర్కం లేకపోతే ఆ చదువును అక్కడి చట్టం ఉత్తరాల ద్వారా నడిచే కరస్పాండెన్స్ కోర్సుగా లెక్కిస్తుంది. అప్పుడు కేంద్ర ప్రభుత్వ విద్యార్థి సహాయ నిధులకు చిక్కులొస్తాయి. 2021 జూలై నుంచి అమల్లోకి వచ్చిన నిర్వచనం ప్రకారం నేరుగా బోధించడం, విద్యార్థి రాసినదాన్ని దిద్ది అభిప్రాయం చెప్పడం, సందేహాలకు జవాబివ్వడం, గుంపు చర్చను నడిపించడం లాంటి ఐదు రకాల పనుల్లో కనీసం రెండు జరగాలి. అవి ముందే చెప్పిన వేళల్లో జరగాలి. విద్యార్థి వెనకబడితే అధ్యాపకుడే చొరవ తీసుకోవాలి. అంతకుముందు 2017లో ఈ సంపర్కం చాల్లేదని వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ 71 కోట్ల డాలర్లకు పైగా నిధులు తిరిగి కట్టాలని అక్కడి తనిఖీ విభాగం సిఫారసు చేసింది. 2019లో విద్యాశాఖ ఆ వసూలు అక్కర్లేదని తేల్చింది. డబ్బు కట్టలేదు సరే. కానీ సారు పలకరించాడా లేదా అన్నది నిధులతో ముడిపడిన ప్రశ్నగా అక్కడ మారింది. మన దగ్గర అది ఇంకా నివేదికలో టిక్కు పెట్టే గడిగానే ఉంది.

అందుబాటు అంటే ఏమిటి

ముందు ఫోను సంగతి. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతమే. అప్పటికి ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. ఆ తర్వాత ఫోన్లు బాగా పెరిగాయి. అయినా మన ఇళ్లలో ఒకే ఫోన్ను అన్న, చెల్లి, నాన్న పంచుకోవడం మామూలే. కాబట్టి కోర్సును కంప్యూటర్ కోసం కాదు, చిన్న ఫోను కోసం తయారు చేయాలి.

డేటా లెక్క కూడా చూడాలి. తక్కువ నాణ్యతలో పెట్టినా గంట వీడియోకు సుమారు 300 ఎంబీ పోతుంది. వారానికి 12 గంటల పాఠాలంటే 3.6 జీబీ. అదే పాఠాన్ని మాట స్పష్టంగా వినబడే ఆడియోగా ఇస్తే గంటకు సుమారు 14 ఎంబీ, 12 గంటలకు 170 ఎంబీ లోపే. పాఠ్యం రూపంలో అయితే ఇంకా తక్కువ. అందుకే ప్రతి వీడియోకూ ఆడియో, పాఠ్యం రెండూ జతగా ఉండాలి. సిగ్నల్ ఉన్నచోట దించుకుని, బస్సులోనో రైల్లోనో వినేలా ఉండాలి. వీడియో కూడా గంటసేపు సాగకుండా 10, 15 నిమిషాల ముక్కలుగా ఉంటే షిఫ్టు మధ్య విరామంలో చూడొచ్చు.

తర్వాత వైకల్యం ఉన్న విద్యార్థుల సంగతి. దళితుల్లో చూపులేనివాళ్లు, వినికిడి లేనివాళ్లు ఉంటే వాళ్ల మీద పడే భారం రెండింతలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలంది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదని, తప్పనిసరి నియమాలు చేయాలని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమంది.

తెలుగులో కోర్సు తయారుచేసేవాళ్లు ఈ హక్కును తెలియకుండానే ఎలా కాలరాస్తారో ఒక ఉదాహరణ చెబుతాం. మన దగ్గర డీటీపీ పని ఏళ్లుగా అను ఫాంట్లలో జరుగుతోంది. చూసే కంటికి అది చక్కటి తెలుగు. కానీ ఆ అక్షరాలు యూనికోడ్‌లో ఉండవు. చూపులేని విద్యార్థి ఫోన్లో టాక్‌బ్యాక్ గానీ, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ గానీ పెట్టుకుని చదివిస్తే అర్థం లేని శబ్దాలే వినబడతాయి. పాత నోట్సును ఫొటో తీసి పీడీఎఫ్ చేసి పెడితే అదీ వినబడదు, అది బొమ్మే కాబట్టి. పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. పాఠాన్ని యూనికోడ్ తెలుగులో టైపు చేయాలి. శీర్షికలను శీర్షికలుగానే గుర్తించాలి. బొమ్మ కింద అందులో ఏముందో ఒకటి రెండు వాక్యాల్లో రాయాలి. వీడియోకు తెలుగు క్యాప్షన్లు పెట్టి, యంత్రం రాసిన తప్పులు మనిషి దిద్దాలి. ఎరుపు రంగులో ఉన్నవి ముఖ్యం అని చెప్పి వదిలేయకూడదు, రంగులు పోల్చుకోలేనివాళ్లుంటారు.

ఈ మార్పులు వైకల్యం ఉన్నవాళ్లకే అనుకోవద్దు. క్యాప్షన్ ఉంటే మగ్గం చప్పుడు మధ్య ఉన్న మనిషి కూడా పాఠం చదువుకోగలడు. ఆడియో ఉంటే వంట చేసుకుంటూ తల్లి వినగలదు.

మూడోది భాష. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లకు ఇంగ్లిష్ పాఠం ఒక్కసారిగా మీద పడితే మొదటి నెలలోనే చేతులెత్తేస్తుంది. పాఠం వివరణ తెలుగులో, పారిభాషిక పదం తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఇచ్చి, సెమిస్టరు గడిచేకొద్దీ ఇంగ్లిష్ పాలు పెంచుకుంటూ పోవచ్చు. కుప్పం, సత్యవేడు వైపు ఇళ్లలో తమిళం మాట్లాడే పిల్లలూ ఉంటారు. చర్చల్లో వాళ్ల మాటకూ చోటుండాలి.

నాలుగోది కాలం. చిత్తూరు జిల్లాలో మామిడి కోతలు, గుజ్జు ఫ్యాక్టరీల పని జోరుగా సాగే జూన్, జూలైల్లో కూలి దొరికే రోజులు వదులుకోవడం ఎవరికీ కుదరదు. అసైన్‌మెంటు గడువు అప్పుడే పెట్టి, ఒక్కరోజు దాటితే సున్నా వేస్తే నష్టపోయేది ఎవరు? గడువుకు వారం వెసులుబాటు ముందే రాసి పెట్టాలి. దాని కోసం ఎవరినీ బతిమాలుకోవాల్సిన పని ఉండకూడదు.

సంపర్కాన్ని కోర్సులోనే ఎలా రాయాలి

అధ్యాపక మిత్రులకు మా సూచనలు ఇవి. వీటికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కాలపట్టిక, మనిషి, ఫోను చాలు.

కోర్సు మొదలైన రెండు వారాల్లోపు ప్రతి విద్యార్థికీ మెంటర్ ఒకసారి ఫోన్ చేయాలి. ఏ ఊరు, ఏం పని చేస్తారు, ఏ వేళకు ఖాళీ, ఫోను సొంతమా, ఎవరిదైనా వాడుతున్నారా అని తెలుసుకోవాలి. కులం అడగనక్కర్లేదు. పరిస్థితి తెలిస్తే చాలు. చదువు మానేసేవాళ్లలో చాలామంది మొదటి నెలలోనే దూరమవుతారని బోధనలో ఉన్నవాళ్లకు తెలుసు. ఆ మొదటి పలకరింపు విలువ అక్కడుంది.

వారానికి రెండు రోజులు, రాత్రి 8 నుంచి 9 దాకా సారు ఫోన్లో దొరికే వేళ ప్రకటించాలి. పగలు 11 గంటలకు ప్రత్యక్ష తరగతి పెడితే శ్రీసిటీలో లైనులో నిలబడ్డ పిల్ల ఎలా వస్తుంది? ప్రత్యక్ష తరగతికి రాలేనివాళ్లు వాయిస్ మెసేజ్‌లో ప్రశ్న పంపితే రెండు రోజుల్లోపు జవాబు రావాలి.

అసైన్‌మెంటు దిద్దే తీరు మారాలి. 10కి 6 అని అంకె వేసి పంపితే విద్యార్థికి తెలిసేదేమీ లేదు. మచ్చుకు అసైన్డ్ భూముల మీద ఒక విద్యార్థి వ్యాసం రాసిందనుకుందాం. "మీ ఊరి ఉదాహరణ బాగుందమ్మా. కానీ అమ్మకం చెల్లదని ఏ చట్టం చెబుతోందో రాయలేదు. 1977 చట్టం చూసి రెండో పేరా తిరగరాసి పంపు, మార్కులు మళ్లీ చూస్తాను" అని రాస్తే అది బోధన. అందులో మెచ్చుకోలు ఉంది, లోపం చూపడం ఉంది, దిద్దుకునే అవకాశం ఉంది. వారంలోపు ఇలాంటి స్పందన రావాలని కోర్సు పత్రంలోనే రాసి పెట్టాలి.

రెండు వారాలు ఎవరైనా కనబడకపోతే మెంటరే ఫోన్ చేయాలి. హాజరు తగ్గిందని హెచ్చరిక మెసేజ్ పంపడం దీనికి బదులు కాదు. జ్వరమా, రీఛార్జి డబ్బుల్లేవా, పెళ్లి కుదిర్చారా అన్నది అడిగితేనే తెలుస్తుంది.

విద్యార్థులు ఒకరికొకరు పరిచయం కావాలి. ఎనిమిది, పదిమందిని ఒక జట్టుగా చేసి, వారానికొక ప్రశ్న ఇచ్చి చర్చించమనాలి. అయితే ఆడపిల్లల ఫోన్ నంబర్లు అందరికీ కనబడే వాట్సాప్ గ్రూపులో పడేయకూడదు. వేధింపు జరిగితే ఇంట్లోవాళ్లు మొదట చేసే పని ఫోన్ లాక్కోవడం, దాంతో చదువు ఆగిపోవడం. హాస్టల్లో ఫోన్ వాడకంపై ఆంక్షలను ప్రశ్నించిన విద్యార్థిని ఫహీమా షిరిన్ కేసులో కేరళ హైకోర్టు 2019లోనే ఇంటర్నెట్ అందడం విద్యాహక్కులో, గోప్యతా హక్కులో భాగమని చెప్పింది. నంబరు కనబడని వేదిక ఎంచుకోవడం, కులం పేరుతో, లింగం పేరుతో అవమానిస్తే ఫిర్యాదు ఎవరికి చేయాలో మొదటి రోజే చెప్పడం సంస్థ బాధ్యత.

నెలకొకసారైనా ముఖాముఖి కలిసే రోజు ఉంటే మంచిది. తిరుపతి, చిత్తూరు, కుప్పం, సత్యవేడు లాంటిచోట్ల ఆదివారం ఖాళీగా ఉండే ప్రభుత్వ విద్యాసంస్థల గదులు ఇందుకు వాడుకోవచ్చు.

చివరగా, ఇదంతా చేసే మనిషికి జీతం ఉండాలి. ఫోన్ చేసే గంటలను, దిద్దే గంటలను పనిభారంలో లెక్కగట్టకుండా గెస్ట్ లెక్చరర్ మీద వేస్తే అది రెండు నెలల్లో ఆగిపోతుంది. ఆ మెంటర్లలో మన వర్గాల నుంచి చదువుకుని వచ్చిన యువతీయువకులు ఉండేలా చూడాలి. మొదటి తరం విద్యార్థి భయం వాళ్లకు చెప్పకుండానే తెలుస్తుంది.

గుర్తింపు తనిఖీకి ఏది సాక్ష్యం

1994లో ఏర్పడిన న్యాక్ ఏడు ప్రమాణాల మీద సంస్థలను అంచనా వేసేది. బోధన-మదింపు, విద్యార్థులకు తోడ్పాటు వాటిలో ఉన్నాయి. ఎంతమంది విద్యార్థులకు ఒక మెంటర్ ఉన్నారన్నది కూడా అడిగేది. గుర్తింపు పద్ధతులు ఇప్పుడు మారుతున్నాయి గానీ, ఆధారం చూపించమనే సూత్రం మారదు. తనిఖీ ముందు రాత్రికి రాత్రి ఫైళ్లు తయారుచేసే అలవాటు మన కాలేజీల్లో అందరికీ తెలిసిందే. పైన చెప్పిన పద్ధతిలో కోర్సు నడిస్తే ఆ అవస్థ అక్కర్లేదు. మెంటర్ పిలిచిన తేదీలు, జవాబిచ్చిన సందేహాలు, స్పందనతో కూడిన అసైన్‌మెంట్లు, తిరగరాసిన ప్రతులు, ఇవే సాక్ష్యాలు.

ఎన్నిసార్లు లాగిన్ అయ్యారు అన్న లెక్క మాత్రం చదువుకు సాక్ష్యం కాదు. వీడియో ఆన్ చేసి ఫోన్ పక్కన పెట్టినా ఆ అంకె పెరుగుతుంది. దాని బదులు ఒక లెక్క బయట పెట్టాలని మేము అడుగుతున్నాం. చేరిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఎందరు, మొదటి సెమిస్టరు దాటినవాళ్లు ఎందరు, డిగ్రీ చేతికి అందుకున్నవాళ్లు ఎందరు? వికలాంగులు ఎందరు, మహిళలు ఎందరు? పేర్లు, నంబర్లు బయట పెట్టనక్కర్లేదు. అంకెలు చాలు. చేరికల సంఖ్య గొప్పగా చెప్పుకునే సంస్థ పూర్తిచేసినవాళ్ల సంఖ్య దాచిపెడితే ఫీజు వచ్చిందనే గానీ చదువు వచ్చిందని నమ్మలేం.

చేరేముందు అడగండి

ఫీజు కట్టేముందు ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఈ కోర్సుకు ఈ విద్యాసంవత్సరానికి యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఉందా? ఆ విభాగం వెబ్‌సైట్లోని జాబితాలో మీరే చూసుకోండి, ఏజెంటు చూపించే కాగితం మీద ఆధారపడొద్దు. 2024 నుంచి ఈ కోర్సుల్లో చేరేవాళ్లు డెబ్ ఐడీ సొంతంగా తీసుకోవాలి. దాన్ని మీ ఫోన్ నంబరుతో మీరే చేసుకోండి.

నా మెంటర్ ఎవరు? ఒక్క మెంటర్‌కు ఎంతమంది? ఆయనో ఆమెో ఏ వేళకు ఫోన్లో దొరుకుతారు?

అసైన్‌మెంటు దిద్ది ఎన్ని రోజుల్లో ఇస్తారు? తిరగరాసే అవకాశం ఉందా?

పాఠాలు తెలుగులో ఉన్నాయా? ఆడియోగా దించుకోవచ్చా? స్క్రీన్ రీడర్‌తో చదవొచ్చా? ఒక పాఠం చూపించమనండి.

పరీక్ష ఎక్కడ రాయాలి? మా ఊరికి ఎంత దూరం?

స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈ కోర్సుకు వర్తిస్తాయా? ఈ ఒక్క ప్రశ్న మాత్రం కాలేజీలో అడిగి వదిలేయకండి. సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయానికి పోయి అడగండి. రెగ్యులర్ కోర్సుకు వచ్చేవన్నీ దీనికీ వస్తాయని అనుకుని అప్పు చేసి చేరొద్దు.

వీటికి సూటిగా జవాబు చెప్పే సంస్థలో ధైర్యంగా చేరండి. నసిగితే ఇంకోచోట చూసుకోండి.

మన పెద్దలు బడి గడప తొక్కడానికి కొట్లాడారు. ఆ తర్వాత తరం హాస్టళ్ల కోసం, రిజర్వేషన్ల కోసం, స్కాలర్‌షిప్పుల కోసం కొట్లాడింది. ఇప్పుడు కాలేజీ ఫోన్లోకి వచ్చింది కాబట్టి కొట్లాట అయిపోయిందని కాదు. ఆ ఫోన్లో అవతలివైపు మన పేరు తెలిసిన సారు ఉండాలి. మనం "సార్, ఇది అర్థం కాలేదు" అంటే "చెప్పమ్మా" అని పలకాలి. కోర్సు పెట్టే ప్రతి విశ్వవిద్యాలయాన్నీ, అనుమతిచ్చే ప్రతి అధికారినీ మనం అడగాల్సింది అదే.